కలకత్తా చెప్పే పాఠం: అచ్చు నుండి అంతర్జాలం వరకు సాంకేతిక విజ్ఞాన సాధనాలు

ఒక కొత్త యంత్రం దేశంలో అడుగుపెట్టిన తేదీని చరిత్ర గ్రంథాలు శ్రద్ధగా నమోదు చేస్తాయి. ఆ యంత్రాన్ని వాడే విధానం సామాన్య విద్యార్థికి, అతనికి వచ్చిన భాషలో ఎప్పుడు అందింది అన్న ప్రశ్నకు మాత్రం ఆ గ్రంథాలలో సమాధానం అరుదుగా దొరుకుతుంది. ఈ రెండు తేదీల మధ్య వ్యవధి ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించదు. ఒక్కొక్కప్పుడు అది శతాబ్దం దాకా సాగుతుంది. ఆ వ్యవధిని తగ్గించినవారు సేనానులు కారు, పాలకులు కారు. వారు వ్యాకర్తలు, నిఘంటుకారులు, కరదీపికల రచయితలు, గ్రంథసూచికలు తయారుచేసిన ఉద్యోగులు. నేడు విశ్వవిద్యాలయాలలో సాంకేతిక సమాచార రచన, డిజిటల్ మాధ్యమాలు అన్న పేర్లతో బోధిస్తున్న విషయాలకు వీరి కృషియే పూర్వరూపం.

ఈ చరిత్రను పరిశీలించడానికి కలకత్తాను మించిన నగరం మన దేశంలో లేదనవచ్చు. 2001లో కోల్‌కతాగా అధికారికంగా పేరు మారిన ఈ నగరంలోనో, దాని పరిసరాలలోనో దేశంలోని తొలి తంతి ప్రయోగాలు, తొలి తంతిమార్గం, తొలి డిజిటల్ గణనయంత్రం వెలిశాయి. 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో జరిపిన దేశపు మొదటి మొబైల్ ఫోను సంభాషణకు వేదిక ఇక్కడి రైటర్స్ బిల్డింగే. అదే సంవత్సరం ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ అంతర్జాల సేవను ప్రజలకు అందించిన తొలి నగరాలలో కలకత్తా ఒకటి. ఇన్ని యంత్రాలు ముందుగా చేరిన చోట విజ్ఞానం కూడా అంతే త్వరగా విద్యార్థికి చేరిందా అన్నదే ఇక్కడి విచారణ.

అచ్చు అక్షరాలు, అగ్నిప్రమాదం

కలకత్తాకు ఎగువన హుగ్లీలో 1778లో హాల్‌హెడ్ రచించిన బెంగాలీ వ్యాకరణం అచ్చయింది. అందులోని బెంగాలీ అక్షరాలను తయారు చేసినవాడు చార్లెస్ విల్కిన్స్. ఆయనకు చేదోడుగా నిలిచిన శిల్పి పంచానన్ కర్మకార్. తరువాత పంచానన్ శ్రీరాంపూర్ మిషన్ ముద్రణాలయంలో చేరాడు. నాడు డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న శ్రీరాంపూర్‌లో 1800లో ఆ ముద్రణాలయాన్ని విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డులు నెలకొల్పారు. అదే ఏడాది కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల ప్రారంభమయింది. ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి వ్యాకరణాలు, నిఘంటువులు, వాచకాలు అవసరమయ్యాయి. ఆ అవసరాన్ని శ్రీరాంపూర్ ముద్రణాలయం తీర్చింది.

తెలుగు పాఠకులకు ఈ ముద్రణాలయ చరిత్రలో ఒక ఘట్టం ప్రత్యేకంగా స్మరణీయం. 1812 మార్చి 11 రాత్రి అక్కడ ఘోర అగ్నిప్రమాదం సంభవించింది. అనేక భాషల అచ్చు అక్షరాలు, కాగితపు నిల్వలు, విలువైన వ్రాతప్రతులు భస్మమయ్యాయి. కేరీ సిద్ధం చేస్తున్న తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడా వాటిలో ఒకటి. అయితే అక్షరాల పోతకు మూలమైన ఉక్కు పంచ్‌లు శిథిలాలలో చెడకుండా దొరికాయి. వాటితో అక్షరాలను తిరిగి పోతపోశారు. పోయిన రచనలను మళ్ళీ వ్రాశారు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపూర్ నుండి వెలువడింది. మూలసాధనం భద్రంగా ఉండి, పనిని మళ్ళీ చేయగల మనుషులు ఉన్నప్పుడు నష్టం శాశ్వతం కాదని ఈ ఘట్టం తెలుపుతుంది. నేటి డిజిటల్ భాండాగారాలకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

1817లో కలకత్తా స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో శ్రీరాంపూర్ నుండి వచ్చిన 'దిగ్దర్శన్' మాసపత్రిక భూగోళం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం వంటి విషయాలను బెంగాలీలో యువకులకు పరిచయం చేసింది. కేరీ కుమారుడు ఫెలిక్స్ కేరీ శరీరశాస్త్రాన్ని బెంగాలీలో వ్రాయపూనుకొని, లేని పారిభాషిక పదాలను సంస్కృత ధాతువుల నుండి కల్పించవలసి వచ్చింది. కొత్త శాస్త్రానికి పాత భాషలో పేర్లు వెదకడం అనే శ్రమ అప్పటికే మొదలయిందన్నమాట.

తంతి తీగ, ఇంగ్లీషు కరదీపిక

కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన విలియం బ్రూక్ ఓషానెసీ 1839లో నగర సమీపంలోని ఉద్యానవన ప్రాంతంలో చెట్లకు, వెదురు స్తంభాలకు 21 మైళ్ళ తీగను చుట్టి, విద్యుత్తు ద్వారా సంకేతాలు పంపవచ్చునని నిరూపించాడు. ఆ ప్రయోగ వివరాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. పన్నెండేళ్ళ తరువాత, 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బర్ వైపు వేసిన మార్గం పనిచేయనారంభించింది. 1854లో ఆగ్రా వరకు తంతి సాగింది. 1855 ఫిబ్రవరిలో ప్రజల వినియోగానికి తెరచేనాటికి బొంబాయి, మద్రాసు కూడా ఆ వలయంలో చేరాయి.

ఇంత వేగంగా విస్తరించిన వ్యవస్థను నడపడానికి వందలాది ఉద్యోగులు కావలసివచ్చింది. వారి కోసం ఓషానెసీ స్వయంగా ఒక కరదీపిక వ్రాశాడు. బ్రిటిష్ ఇండియాలో విద్యుత్ తంతి గురించిన ఆ గ్రంథం 1853లో లండన్‌లో అచ్చయింది. శాఖలోని కిందిస్థాయి అధికారులు, పనివారు, సంకేతాలు పంపేవారు అనుసరించవలసిన సూచనలను అందించడమే దాని ఉద్దేశమని గ్రంథనామమే చెబుతుంది. చదువరి ఎవరో ముందుగా నిర్ణయించుకొని, అతనికి కావలసిన మేరకు విషయాన్ని అమర్చడం నేటి సాంకేతిక రచనలో ప్రథమ సూత్రం. ఆ దృష్టితో చూస్తే మన దేశంలో ఈ విద్యకు తొలి గ్రంథాలలో దీనిని లెక్కించవచ్చు. కాని అది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు వచ్చినవారికే ఆ ఉద్యోగం, ఆ విజ్ఞానం పరిమితమయ్యాయి.

పుస్తకం చేయలేని పనిని అనుభవం కొంతవరకు చేసింది. కలకత్తా టంకశాలలో ఓషానెసీ కింద పనిచేసిన శిబ్‌చంద్ర నంది తొలి తంతిమార్గంలో డైమండ్ హార్బర్ కొసన నిలిచి సంకేతాలు పంపాడు. తరువాత ఇతరులకు ఆ పని నేర్పాడు. తంతిమార్గాల నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. పద్మానదిలో కేబుల్ వేయడానికి జాలరుల పడవలను ఉపయోగించిన ఘనత ఆయనదని తంతిశాఖ చరిత్రకారులు పేర్కొన్నారు. అయితే ఆయనకు తెలిసిన విద్య ఆయన మాతృభాషలో గ్రంథస్థం కాలేదు. యజమాని వ్రాసిన పుస్తకం మిగిలింది; పనివాని నేర్పు పనివానితో పోయింది.

భాషాపరమైన ఈ అంతరం ఎంతకాలం సాగిందో చెప్పడానికి ఒక్క వాస్తవం చాలు. దేవనాగరి లిపిలో తంతివార్తలు పంపే సౌకర్యం 1949లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకు గాని ఏర్పడలేదు. అంతవరకు తన భాషలో వార్త పంపదలచినవాడు దానిని రోమన్ లిపిలోకి మార్చుకోవలసి వచ్చేది. యంత్రం 1851లో వచ్చింది. దేశలిపికి ఆ యంత్రంలో చోటు దొరకడానికి దాదాపు 98 ఏళ్ళు పట్టింది. 2013 జులైలో తంతిసేవ పూర్తిగా ముగిసింది.

రైలు ప్రయాణికునికి ఉపదేశం

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా అదే కాలంలో, అదే నగరంలో ఉంది. 1854 ఆగస్టు 15న హౌరా, హుగ్లీల మధ్య రైలు నడిచింది. 'తత్త్వబోధినీ పత్రిక' సంపాదకుడు అక్షయకుమార్ దత్త మరుసటి ఏడాదే ఆవిరి బండి ఎక్కేవారి కోసం ఉపదేశరూపమైన ఒక చిన్న పుస్తకాన్ని బెంగాలీలో ప్రచురించాడు. రైలు ఎన్నడూ చూడని మనిషికి అందులో ప్రయాణించే విధానాన్ని చెప్పిన రచన అది. యంత్రం వచ్చిన ఏడాదికే దానిని వాడే పద్ధతి ప్రజల భాషలో అందింది. ఇందుకు ప్రభుత్వ ఉత్తరువు అవసరం కాలేదు. పాఠకుని ఇబ్బందిని ఊహించగల రచయిత ఒక్కడు చాలాడు. అక్షయకుమారుడే 1856లో 'పదార్థవిద్య' అనే భౌతికశాస్త్ర గ్రంథాన్ని వెలువరించాడు.

ఈ సంప్రదాయం కలకత్తాలో తెగిపోలేదు. బెంగాల్ కెమికల్ కర్మాగార నిర్వహణ బాధ్యతలు వహించిన రసాయన శాస్త్రజ్ఞుడు రాజశేఖర్ బసు 'పరశురామ్' అనే పేరుతో హాస్యకథలు వ్రాసి ప్రసిద్ధుడయ్యాడు. 'చలంతికా' నిఘంటువును కూర్చింది ఆయనే. 1934లో కలకత్తా విశ్వవిద్యాలయం ఏర్పాటు చేసిన పారిభాషిక పదాల సంఘానికి అధ్యక్షత వహించిందీ ఆయనే. 1948లో సత్యేంద్రనాథ్ బోస్ వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, 'జ్ఞాన్ ఓ విజ్ఞాన్' పత్రిక ద్వారా శాస్త్రాన్ని మాతృభాషలో చెప్పించాడు. తెలుగునాట 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, కొమర్రాజు లక్ష్మణరావు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వం, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇదే మార్గంలోని మైలురాళ్ళు.

గణనయంత్రం నుండి అంతర్జాలానికి

1955లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు బ్రిటన్ నుండి హెచ్.ఇ.సి. 2ఎమ్ అనే గణనయంత్రం చేరింది. మన దేశంలో నెలకొన్న మొదటి డిజిటల్ కంప్యూటర్ ఇదే. తరువాత ఆ సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలసి ట్రాన్సిస్టర్లతో పనిచేసే ఐ.ఎస్.ఐ.జె.యు.-1 యంత్రాన్ని నిర్మించాయి. 1966లో అది పని ప్రారంభించింది. కొనితెచ్చిన యంత్రం వాడుకలోని మెళకువలను నేర్పుతుంది. సొంతంగా కట్టిన యంత్రం విద్యనే నేర్పుతుంది.

ఆ జాదవ్‌పూర్‌లోనే 2003లో సాంస్కృతిక పాఠాలను, రికార్డులను సేకరించి భద్రపరచే ప్రత్యేక అధ్యయన విభాగం ఏర్పడింది. ఆచార్య సుకాంత చౌధురి నేతృత్వంలో, కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ ఆర్థిక సహాయంతో ఆ విభాగం రవీంద్రనాథ్ ఠాకూర్ రచనల పాఠాంతరాలన్నిటినీ ఒకచోట చేర్చిన 'బిచిత్రా' భాండాగారాన్ని నిర్మించి, 2013లో అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. 47,520 పుటల వ్రాతప్రతులు, 91,637 పుటల ముద్రితప్రతులు అందులో ఉన్నాయి. ఒకే రచన యొక్క వేర్వేరు పాఠాలను పక్కపక్కన ఉంచి భేదాలను చూపడానికి 'ప్రభేద్' అనే సాఫ్ట్‌వేర్‌ను అక్కడే తయారుచేశారు. ఆ నిర్మాణ క్రమాన్ని వివరిస్తూ 2015లో ఒక గ్రంథాన్ని కూడా ప్రచురించారు. డిజిటల్ మాధ్యమాల విద్యార్థికి ఇది చాలా విలువైన విషయం. పూర్తయిన భవనాన్ని చూపేవారు అనేకులు. పునాది ఎలా తవ్వారో వ్రాసిపెట్టేవారు కొద్దిమంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్మించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. అనేక సంస్థల భాండాగారాలలోని పుస్తకాలు, వ్యాసాలు, పాఠ్యాంశాలను ఒకే చోట వెదకే అవకాశం అది కల్పిస్తుంది. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలసి ప్రారంభించిన ఎన్‌.పి.టి.ఇ.ఎల్. పాఠాలు ఇంజనీరింగు విద్యార్థులకు సుపరిచితాలు. వాటిలో కొన్నింటి లిఖితరూపాలకు తెలుగు అనువాదాలు కూడా లభిస్తున్నాయి. ప్రపంచస్థాయిలో చూస్తే అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 1994లో అంతర్జాలంలో ఉంచిన రచనా శిక్షణాలయం, అదే ఏడాది ఏర్పడిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రకటించే ప్రమాణాలు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. చూపులేనివారు కూడా చదవగలిగేలా వెబ్ పుటలను రూపొందించే నియమాలు ఈ ప్రమాణాలలో భాగం. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం 2009లో మొదటిసారి వెలువరించిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు అధికారులకు, విద్యార్థులకు సమానంగా ఉపయోగపడతాయి.

కనుమరుగైన గ్రంథాలయం

ఇన్ని వనరులు ఉండగా లోటు ఎక్కడ ఉంది? భారత డిజిటల్ గ్రంథాలయం అనుభవం దీనికి సమాధానం చెబుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం పొందిన ఆచార్య రాజ్ రెడ్డి, బెంగుళూరు ఆచార్యుడు ఎన్. బాలకృష్ణన్ వంటివారి కృషితో ఈ శతాబ్ది ప్రారంభంలో ఆ ప్రణాళిక రూపుదిద్దుకొంది. హైదరాబాదు, కోల్‌కతా మొదలైన కేంద్రాలలో లక్షలాది గ్రంథాల పుటలను స్కాన్ చేశారు. అచ్చులో దొరకని తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో తొలిసారిగా పల్లెటూరి పాఠకునికి కూడా అందాయి.

కాని పుస్తకాల పేర్లను చాలావరకు తెలుగు లిపిలో కాక రోమన్ లిపిలో, ఒక పద్ధతి లేకుండా నమోదు చేశారు. ఒకే గ్రంథకర్త పేరు పది రకాలుగా కనిపిస్తుంది. తెలుగులో పేరు టైపు చేసి వెదికే విద్యార్థికి, ఆ పుస్తకం ఉండి కూడా లేనట్లే. తంతి కాలంలో దేశభాషకు పట్టిన గతి డిజిటల్ కాలంలో గ్రంథసూచికకు పట్టింది. పైగా 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది కనుక, ఈసారి యంత్రం చేతకానితనమన్న సాకు కూడా లేదు.

2017 ప్రాంతంలో ఆ గ్రంథాలయపు వెబ్‌సైట్ పనిచేయడం మానింది. అదృష్టవశాత్తు అందులోని పుస్తకాలలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులుగా మిగిలాయి. శ్రీరాంపూర్ శిథిలాలలో దొరికిన ఉక్కు పంచ్‌ల వలె అవి పునర్నిర్మాణానికి మూలద్రవ్యం. కాని ప్రతులతో పాటు పాత దోషాలు కూడా తరలివెళ్ళాయి. తప్పుల రోమన్ పేర్లు నేటికీ వాటిని అంటిపెట్టుకొని ఉన్నాయి. వికీసోర్స్ వంటి వేదికలపై స్వచ్ఛందంగా పనిచేసే తెలుగువారు ఒక్కొక్క పుస్తకాన్నే తీసుకొని, పేరు సరిచేసి, పుటలను అక్షరీకరిస్తున్నారు. వారు చేస్తున్నది సూచీకర్తల పనియే. జీతం లేదు, పదవి లేదు.

తెలుగు విద్యార్థికి మిగిలిన కర్తవ్యం

ఇంత ప్రయాసకు ఇప్పుడే ప్రాధాన్యం ఎందుకు అన్న సందేహం కలగవచ్చు. 2021–22 విద్యాసంవత్సరం నుండి ఇంజనీరింగు విద్యను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో బోధించడానికి అనుమతి లభించింది. తరగతి గదిలోకి తెలుగును అనుమతించడం ఒక ఉత్తరువుతో జరిగే పని. పాఠ్యగ్రంథాలు, పదకోశాలు, కరదీపికలు, దోషంలేని గ్రంథసూచికలు ఉత్తరువులతో పుట్టవు. అవి లేనినాడు తెలుగు మాధ్యమాన్ని ఎన్నుకొన్న విద్యార్థి, పుస్తకం లేక చేతిపనితోనే విద్య గడించిన శిబ్‌చంద్రుని స్థితిలో ఉంటాడు. అందరూ శిబ్‌చంద్రులు కాలేరు.

కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం ఈ సందర్భంలో మరువరానిది. 1954 నాటి గ్రంథాల సమర్పణ చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం యొక్క ప్రతి అక్కడికి చేరాలి. ఆ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలకు ప్రత్యేక విభాగం ఉంది. తెలుగులో వెలువడిన శాస్త్ర, సాంకేతిక గ్రంథాలు ఏవి, వాటిలో ఏ పదాలను ఏ అర్థంలో వాడారు అన్న పరిశోధనకు ఆ విభాగం ఒక గని. ఆ గ్రంథాల వివరాలు తెలుగు లిపిలో, ఒకే పద్ధతిలో, జాతీయ డిజిటల్ గ్రంథాలయపు వెదకులాటకు అందేలా సిద్ధమైతే, కలకత్తా పరిసరాలలోని శ్రీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం వెలువడిన రెండు శతాబ్దాల తరువాత ఆ నగరం తెలుగువారికి చేసే మరొక మేలు అవుతుంది. ఇందుకు కొత్త యంత్రాలు అక్కరలేదు. లిపి తెలిసిన, ఓపిక గల ఉద్యోగులు, వారి పనిని పనిగా గుర్తించే కార్యాలయాలు ఉంటే చాలు.

కొత్త వనరు ఒకటి ప్రారంభమైనప్పుడు అందులోని పుటల సంఖ్యను ప్రకటించడం వాడుక. పుటల లెక్కతో పాటు మూడు ప్రశ్నలకు కూడా సమాధానం ఉండాలి. విద్యార్థి తన భాషలో వెదికితే ఆ పుస్తకం దొరుకుతుందా? దానిని వాడే విధానం అతనికి అర్థమయ్యే మాటలలో వ్రాసి ఉందా? ఆ సంస్థ మూతపడినా ప్రతి మరొకచోట భద్రంగా ఉంటుందా? శ్రీరాంపూర్ పంచ్‌లు మూడవ ప్రశ్నకు, అక్షయకుమారుని చిన్న పుస్తకం రెండవదానికి, 98 ఏళ్ళ తంతి నిరీక్షణ మొదటిదానికి ఏనాడో సమాధానం చెప్పాయి.